తెరమీద మాయమైన గీత

రెండేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం. తంజోంగ్ పగార్‌లోని మా ఆఫీసు కిటికీల మీద వాన మెత్తగా జారుతోంది. రేడియో తరంగాలతో ఎలక్ట్రాన్లను తోసే రాగి పెట్టె ఒకటి నేను డిజైన్ చేశాను. విదేశంలో కణాలను ఢీకొట్టించే యంత్రమైన కొలైడర్‌లో ఆ రోజే తొలిసారి దానిలోంచి ఎలక్ట్రాన్ల నిండు ప్రవాహం పంపుతున్నారు. ఆ ప్రవాహాన్ని చూపుతూ తెరమీద వెలిగే గీతను చూస్తూ కలలో తేలుతున్నాను.

హఠాత్తుగా గీత మాయమైంది. పెట్టె కాలిపోయిందనుకుని ఏడ్చేశాను.

మలేషియాలో పుట్టిపెరిగిన మా సీనియర్ లక్ష్మి ఆంటీ కొలైడర్ దగ్గరి వాళ్లతో ఫోన్లో మాట్లాడి, నా భుజం పట్టుకుని, మలేషియా అలవాటుగా మాట చివర 'లా' చేర్చి అన్నారు.

"ఏడవకమ్మా, ఏం కాలేదు లా! ఎలక్ట్రాన్లు అదుపు తప్పుతుంటే నీ పెట్టే పవర్ ఆపేసుకుంది. లోపలంతా సేఫ్."

కాసేపటికి గీత మళ్లీ వెలిగి, నిశ్చలంగా నిలిచింది. నాకన్నా ముందే ప్రమాదాన్ని పసిగట్టిన ఆ పెట్టె మీద గర్వంకంటే ఎక్కువగా ప్రేమ కలిగింది.

— మాధవి, పాసిర్ రిస్, సింగపూర్