తెలుగు తీసుకున్న పాపకు సీటొచ్చింది

శుక్రవారం. ఇల్లు కడిగాను, దోసెల పిండి రుబ్బాను, మిద్దె మీద ఎండిన వడియాలు ఎత్తి డబ్బాలో పోశాను. ఇన్ని పనుల మధ్య మా పాప భార్గవికి యూనివర్సిటీ సీటు కోసం ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ!

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా తోటి పిల్లలందరూ మార్కులు సులువుగా వస్తాయని సంస్కృతం తీసుకుంటే, తను పట్టుబట్టి తెలుగు తీసుకుంది. మిగతా సబ్జెక్టులు బాగున్నా తెలుగులో మార్కులు తగ్గాయి. దానివల్ల సీటు చేజారుతుందని మా ఆయన రెండేళ్లుగా పాపను సతాయిస్తూనే ఉన్నారు.

ల్యాప్‌టాప్‌లో కనిపించిన యూనివర్సిటీ మేడమ్ మొదట అదే అడిగింది. "అందరూ సంస్కృతం తీసుకుంటే నువ్వు తెలుగెందుకు తీసుకున్నావమ్మా?"

తలుపు వెనక మా ఆయన నా చెవిలో, "సూడు, నేను చెప్పలా? పట్టుకునింది!" అన్నారు.

"సంస్కృతమైతే గైడులో ఉండేది రాస్తే చాలంటారు మేడమ్. తెలుగు పద్యానికి మటుకు నేనే యోచన చేసి రాయాల. నాకు అదే ఇష్టం," అంది పాప.

మేడమ్ నవ్వింది. "మేము మార్కులొక్కటే చూడం. సులువైనది ఉన్నా కష్టమైనది ఎంచుకున్నారా అని కూడా చూస్తాం."

సాయంత్రం మెయిల్ వచ్చింది. సీటొచ్చింది! నేను దేవుడి ముందు దీపం పెట్టేలోపే మా ఆయన చిత్తూరులో ఉన్న వాళ్లన్నకు ఫోన్ చేశారు. "అందరి మాదిరి సులువైంది తీసుకోవద్దని నేనే చెప్పినాను కదన్నా!"

పాపా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. మీ ఇళ్లలోనూ ఇలాంటి నాన్నలున్నారా? చెప్పండి.

ఫోన్ పెట్టేశాక ఆయనే పాప దగ్గరకెళ్లి, "నువ్వు చేసిందే కరెక్టమ్మా," అన్నారు. రెండేళ్ల బాకీ చెల్లు.