పండుం కాకముందు చిక్కుడు

ముయె సంగతి చెప్పాలంటే నేను చేసిన సిగ్గుమాలిన పని కూడా చెప్పాలి. అందుకే ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు.

ఎనభై మూడులో నేను బైలదిల్లా కొండ కింద, గనుల ఊళ్ళోని ఒక ఆసుపత్రిలో వార్డుబాయ్‌ని. ముయెది మరైగూడ వైపు పల్లె. దోర్ల తెగ మనిషి, నలభై ఏళ్ళుంటాయి. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లి పడితే, భర్త ఉంగ ఆమెను మంచం మీద మోయించి రోడ్డు దాకా, అక్కడి నుంచి జీపులో ఇక్కడికి తెచ్చాడు. సర్జన్ ప్రాణం నిలబెట్టాడు కానీ, చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుట్టాల్సి వచ్చింది. తిన్నది అక్కడి నుంచే నడుముకు కట్టిన సంచిలోకి దిగేది. మూడు నెలలాగి పేగును మళ్ళీ లోపల కలుపుతామన్నారు.

ఆ సంచి ఎవరి కంటా పడకుండా మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా దుప్పటి కప్పుకునేది. "రోగానికి సిగ్గేంది అక్కా" అని పెద్ద తెలివిగలవాడిలా నేనే ధైర్యం చెప్పేవాణ్ణి. నెమ్మదిగా కలిసిపోయింది. వాళ్ళ ఊళ్ళో విత్తనం దాచేది ఆమేనట. పక్క మంచాల వాళ్ళు సరదాకి గింజలు తెచ్చి ఇస్తే, కొరికి చూసి ఏ ఏటిదో చెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

చలికాలం మొదట్లో పట్నం నుంచి ఒక డాక్టరమ్మ పరిశోధనకు వచ్చింది. మనం తిన్న పప్పులోని మాంసకృత్తులు చిన్నపేగులో అమైనో ఆమ్లాలుగా విడిపోయి ఒంటికి పడతాయి. ఎంత పట్టింది, ఎంత పోయింది అనేది పెద్దపేగు దాటాక సరిగ్గా తెలియదు, అక్కడి సూక్ష్మజీవులు లెక్క తారుమారు చేస్తాయి. అందుకని, తిన్నది పెద్దపేగు చేరకముందే బయటికొచ్చే ముయెలాంటి మనిషి కావాలి. నేను దోర్ల భాష మాట్లాడగలను కాబట్టి దుబాసీని నేనే. ముయె ఒప్పుకుని వేలిముద్ర వేసింది. అప్పుడు డాక్టరమ్మ, ఆమె తినకూడనివి ఏమైనా ఉన్నాయేమో అడగమంది. నేను ముయెను అడగనే లేదు. "ఏం లేవు మేడమ్" అన్నాను.

మొదటి నాలుగు రోజులూ మాంసకృత్తులు లేని గంజి, చక్కెర మాత్రమే పెట్టారు. అయినా సంచిలో మాంసకృత్తులు కనిపించాయి. పేగు తన రసాలనూ, తన పొర నుంచి రాలినవాటినీ వదులుతుందని, చాలామటుకు తిరిగి తీసుకున్నా కొంత పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ముయెకు అది చెప్పాను.

"మనం ఏం పెట్టకున్నా కడుపు తనది తానే ఇస్తనే ఉంటదన్నట్టు" అంది.

అయిదో రోజు చిక్కుడు గింజలు. సంతలో నేనే కొన్నాను, అప్పుడే తెంపుకొచ్చిన కాయలు. ఒలిచి, ఉడికించి, మెత్తగా రుబ్బి, తూచి ఇచ్చారు. గిన్నె చూడగానే ముయె చెయ్యి ఆగింది. కొత్త చిక్కుడును పండుగ చేసి, ఊరి దేవతకు పెట్టాకే వాళ్ళు నోట పెడతారు. ఆ పండుగను పండుం అంటారు. ఉంగ ఆ ఊరి పూజారి, మొదటి కుండ వండే హక్కు ముయెది. ఇదంతా నాకు తెలుసు. ఆ కొండ కింద పదేళ్ళున్నవాడికి తెలియకపోవడమేమిటి!

"ఇవి కొత్తయా, పాతయా?" అని అడిగింది.

ఆమె తినకపోతే నాలుగు రోజుల గంజి పస్తు వృథా. డాక్టరమ్మ వచ్చినప్పటి నుంచి నన్ను తన కుడిచెయ్యి అంటోంది. ఆ మాట నెత్తికెక్కి ఉంది. పైగా పిచ్చి నమ్మకాల్లే అని లోలోపల ఒక చులకన.

"పాతయే అక్కా. పోయినేటివి" అన్నాను.

మొదటి ముద్ద నోట పెట్టుకుని నా ముఖం వంక చూసింది. తరవాత గిన్నె ఖాళీ చేసింది. లెక్కలు బాగా వచ్చాయని డాక్టరమ్మ సంతోషంగా రైలెక్కింది.

వారం తిరక్కముందే ఉంగ వచ్చాడు. ఆదివారం పండుమని, సర్జన్‌ను అడిగి ఆమెను రెండు రోజులు తీసుకెళతానని చెప్పాడు. ముయె లేచి కూర్చుంది.

"తమ్మీ, ఆ చిక్కుళ్ళు యాడ తెచ్చినవు?"

"సంతల" అన్నాను. మళ్ళీ అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"నా నాలిక కొత్తయే అన్నది. నువ్వు పాతయన్నవు. నాలికను ఇడిసిపెట్టి నిన్ను నమ్మిన."

ఉంగ వైపు తిరిగి, తను పండుగకు రానని, కుండ ఈసారి ఆడబిడ్డ కోసిని పెట్టమని చెప్పింది. పద్నాలుగేళ్ళుగా పెడుతున్న కుండ అది. ఆమె దుప్పటి మెడదాకా లాక్కుని గోడవైపు తిరిగింది. సంచిని చూసి కూడా ఆమె అంతగా సిగ్గుపడలేదు. ఆ సిగ్గు పడాల్సింది నేను.

ఫాల్గుణంలో పేగు కలిపారు. వెళ్ళేటప్పుడు అందరితో మాట్లాడింది, నాతో కూడా రెండు మాటలు. క్షమించమని అడుగుదామని బస్సు దాకా వెంట వెళ్ళి, టికెట్ సంగతి మాట్లాడి వెనక్కొచ్చాను.

మరుసటేడు చలికాలంలో ఒక మధ్యాహ్నం వార్డు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఒంటి మీద దుప్పటి లేదు. చేతిలో మోదుగాకుల పొట్లం, ఉడికించిన చిక్కుడు గింజలు. ఈసారి కుండ తనే పెట్టిందట.

"కొత్తయే తమ్మీ. పండుం అయింది, తినొచ్చు" అంది.

ఎగతాళేమోనని ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే, నేను తినొచ్చో తినకూడదో నాకు చెబుతోంది. పాతవని చెప్పిన నోటితోనే, ఆమె ఎదుట నిలబడి, పొట్లమంతా తిన్నాను.