టైలర్ అక్కలోని చిన్నది

డోర్నకల్‌లో మా పక్కింట్లో బట్టలు కుట్టే అక్క ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగును పిడికిట్లో బిగించిందంటే, కాసేపట్లో చిన్నపిల్లయిపోతుందని నాకు తెలిసేది. తల్లి పోయాక మరిపెడలో చిన్నాయన ఇంట్లో పెరుగుతూ పడ్డ దెబ్బలకు మనసు ముక్కలైందనీ, అందులో ఒక ముక్క ఆరేళ్ల దగ్గరే ఆగిపోయిందనీ దవాఖానలో చెప్పారట. ఆ సంగతి అక్కే నాకు చెప్పింది. చెబుతూ సిగ్గుపడింది.

ఒకరోజు జాకెట్టు కొలతలు ఇస్తుంటే, బయట ఎవరో మగమనిషి గట్టిగా అరిచాడు. అక్క మిషన్ కిందికి దూరి ముడుచుకుంది.

"ఆయన పోయిండా?" అంది పసిగొంతుతో.

నేనూ నేల మీద కూర్చున్నాను. "పోయిండు బిడ్డా. నేనున్న గద."

చాయ్‌లోకి తెచ్చిన బిస్కెట్ చేతికిస్తే, నన్నే చూస్తూ మెల్లగా తింది.

కాసేపటికి అక్క బయటికొచ్చి, చీర సర్దుకుంటూ తల దించుకుంది.

"చిన్నది వచ్చిందా?"

"వచ్చిందక్కా."

"కోప్పడ్డవా దాన్ని?"

"ఎందుకు కోప్పడ్త? బిస్కెట్ ఇచ్చిన, తిన్నది."

అక్క నాలుకతో పెదాలు తడుముకుంది. "అందుకేనా, నోరు తియ్యగున్నది," అంటూ, ఆ చిన్నదాన్ని తలుచుకుని మొదటిసారి నవ్వింది.