గుడ్డ నలిపినట్టు సినిమాలను నలిపిన రోజులు

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను హోసూరులో కొత్తగా కట్టిన సినిమాహాలుకు తీసుకెళ్లి, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, విశ్రాంతి కూడా రాకముందే ఫోనులో ఆ సినిమాకు ఒకే ఒక్క నక్షత్రం వేసి పారేసింది. ఎందుకమ్మా అంటే కథ సాగుతోందట. నాకు నవ్వొచ్చింది, కొంచెం అసూయ కూడా వేసింది. ఎందుకంటే ఒకప్పుడు ఇదే ఊళ్లో, ఒక్క నక్షత్రమైనా ఖర్చు పెట్టకుండా, మంచి సినిమాను మూడు రోజుల్లో పొలిమేర దాటించిన ఘనుణ్ని నేను.

అప్పటికి మనకున్నదల్లా ఒక సినిమా టెంటు. ముందువాడి తల అడ్డం వస్తోందని ఇసుకను కుప్ప చేసుకుని దానిమీద ఎత్తుగా కూర్చున్నవాళ్లు మీలో ఇంకా ఉంటే, నా కథ తేలిగ్గానే అర్థమవుతుంది. సినిమా మారినప్పుడల్లా టెంటువాళ్లు బొమ్మ అతికించిన బోర్డును మా బట్టల అంగడి ముందు ఆనించి పోయేవారు. అందుకు బదులు అంగడికి వారానికి ఇద్దరికి ఉచిత పాసు. నేల పాసే. కానీ వర్తకుల మధ్య పుట్టి పెరిగిన నాకు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు పుచ్చుకోవడమంటే చిన్నతనం. అందుకని గేటు దగ్గరివాడి భుజం మీద చెయ్యి వేసి, నాలుగు కబుర్లు చెప్పి, ఆ నేల పాసు మీదే వెళ్లి కుర్చీలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. కొన్నాళ్లకు అది నా హక్కే అనుకున్నాను.

అంతలో పెళ్లయింది. మా ఆవిడది డెంకణికోట పక్క పల్లె. ఏనుగుల భయానికి పొద్దు వాలితే గడప దాటనివ్వని ఇల్లు కాబట్టి, ఆమెకు సినిమా అంటే వినికిడే. మొదటిసారి ఆమెను తీసుకెళ్లి దర్జాగా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆట మొదలైన కాసేపటికి టెంటు యజమానే స్వయంగా వచ్చి, మా ముఖాల మీద టార్చి కొట్టి, అందరికీ వినబడేలా, "బోర్డు పాసోళ్లకి కుర్చీ యాడిదప్పా? లెయ్, లెయ్. ఆడ నేల కావలసినంత ఉండాది" అన్నాడు.

లేచాను. నేలలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మధ్యలో తడిక. ఆమె అటు, నేను ఇటు. ఆ సాయంత్రం తెర మీద ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. తప్పు నాదేనని తెలుసు. తప్పు మనదైనప్పుడు పుట్టే పగ మరీ చిక్కగా ఉంటుంది.

ఆ బోర్డు తీసి వీధిలో పారేద్దామనుకున్నాను గాని, అంగట్లో నేర్చిన విద్య ఆపింది. సరుకు బాగాలేదని అరిచే బేరగాణ్ని ఏ వర్తకుడూ లెక్కచేయడు. చీర అంచును రెండు వేళ్ల మధ్య నలిపి, చిన్నగా నిట్టూర్చి, మాట్లాడకుండా కింద పెట్టేసేవాడు ఉన్నాడే, వాడికి భయపడతాడు. వాడి పక్కన నిలబడ్డవాళ్లు కూడా ఇక ఆ చీర ముట్టుకోరు. నేను సినిమాలను అలా నలపడం మొదలుపెట్టాను. పాసు ఉంది గనక బజారులో అందరికన్నా ముందు చూసేవాణ్ని నేనే, అందరూ అడిగేది నన్నే. "పాటలు బాగుండాయప్పా" అని నిట్టూర్చి, గజంబద్ద తీసుకుని పక్కకు తిరిగేవాణ్ని. అంతే. ఆ మాట కూరగాయల సంతకు చేరేసరికి పాటలు కూడా చెడిపోయేవి.

అలా నాలుగైదు సినిమాలు పోయాక, అత్తాకోడళ్లు ఏకమై ఒక పిసినారి మామను దారికి తెచ్చే సినిమా వచ్చింది. కండువా నోట్లో కుక్కుకుని నవ్వాను. మర్నాడు బజారంతా అడిగింది. నాలుక మీదికి నిజం వచ్చింది, మింగేసి నిట్టూర్చాను. ఆ సినిమాకే పోదామని చీర తీసి పెట్టుకున్న మా ఆవిడ లోపలి నుంచి విని, చీర మడిచి పెట్టెలో పెట్టేసింది. మూడో రోజుకు ఫిల్ము పెట్టె కృష్ణగిరికి తరలింది. యజమాని బోర్డు తీసుకోవడానికి తానే వచ్చి, "మీ ఊరోళ్లకి నవ్వనేది రాదేమప్పా?" అన్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పుడు తలచుకున్నా తియ్యగానే ఉంటుంది.

తర్వాతి వారం సరుకుకని కృష్ణగిరి పోతూ ఆమెను కూడా బస్సెక్కించాను. ఆమె కోసమని గొప్పలు చెప్పను. నాకే మళ్లీ చూడాలనిపించింది. అక్కడ టెంటు కిక్కిరిసి ఉంది. కుర్చీ టికెట్లే కొన్నాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. మధ్యలో ఎందుకో నా వైపు తిరిగి చూసింది.

"నవ్వొచ్చే చోటు రాకముందే నవ్వతా ఉండారే? బాగలేదంటిరి గదా!"

టార్చి కొట్టిన రోజు నుంచి పెంచుకున్న పగ సంగతంతా చెప్పేశాను. తిరుగు బస్సులో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు.

మర్నాడు మాట్లాడింది. నాతో కాదు, అంగడికి వచ్చిన ఆడవాళ్లతో. "సినిమా విషయంలో మా ఇంటాయన మాట వినొద్దమ్మా. ఆయప్ప కోపం కుర్చీ మీద, సినిమా మీద కాదు" అంటూ, నా కళ్ల ముందే, నవ్వుతూ. మధ్యాహ్నానికి బజారంతా తెలిసిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు బేరం కుదరనివాళ్లు నా గుడ్డను రెండు వేళ్లతో నలిపి, నాలాగే నిట్టూర్చి, "అంచు బాగుండాదప్పా" అని మెట్లు దిగి పోయేవారు.

యజమాని కూడా వచ్చాడు. నన్ను దాటి వెళ్లి ఆమె చేతిలో రెండు పాసులు పెట్టాడు. "ఇంకమీద నువ్వు చూసి చెప్పమ్మా. ఇవి కుర్చీవే." ప్రతి కొత్త సినిమాకూ మా అమ్మను వెంటబెట్టుకుని ఆమె వెళ్లేది, అంగడి కాపలా నాది. ఆమె బాగుందంటే టెంటు నిండేది, బాగలేదంటే బాగలేదనే చెప్పేది. యజమాని కిమ్మనేవాడు కాదు.

ఇప్పుడు టెంటు లేదు, ఆ స్థలంలో ఏముందో వెతికి చూసే ఓపికా నాకు లేదు. ఫోనుల్లో సినిమాను తిట్టేవాళ్లు వేలమంది; తిట్టించుకున్నవాడు మర్నాడు వచ్చి వాళ్ల అంగడి మెట్టు మీద నిలబడడు, తిట్టినవాడి ఇంట్లోంచి ఎవరూ బయటికి వచ్చి అసలు సంగతి చెప్పరు. ఆ యజమానీ పోయాడు, మా ఆవిడా పోయింది. నన్ను ఓడించగలిగేంత బాగా నన్ను ఎరిగినవాళ్లు ఈ ఊళ్లో ఇక ఎవరూ లేరు.