ఢిల్లీ నుంచి వచ్చే ఫోను

కరోనా ఏడాది, వేసవి చివర్లో, సువర్ణ కువైట్ నుంచి ఇంటికొచ్చింది. పదమూడేళ్ళు అక్కడ ఒకరింట్లో వంట చేసింది. ఆ కష్టంతోనే రాజోలు దగ్గర పల్లెలో డాబా లేచింది. ఆ డాబాలో వీధిగది ఆమెకిచ్చి, క్వారంటైన్ గడువు తీరేదాకా బయటికి రావద్దన్నారు.

భర్త శ్యామ్ బాబు ఆటో నడుపుతాడు. వేళకి కంచం గుమ్మంలో పెట్టి, వెనక్కి జరిగి, "పెట్టేను" అనేవాడు. డిగ్రీ చదివే కూతురు ఏంజెల్ కిటికీ అవతల నిలబడి, "ఏమైనా కావాలా మమ్మీ?" అని అడిగేది. "ఏం వద్దమ్మా" అనగానే వెళ్ళిపోయేది. ఇద్దరూ మంచివాళ్ళే. ఇన్నేళ్ళూ ఫోనులో అవసరాలే మాట్లాడుకున్నారు. ఇప్పుడు అడగాల్సిన అవసరం ఏదీ లేకపోయేసరికి మాటలు దొరకడం లేదు.

మర్నాడు పొద్దున్న తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"సువర్ణగారాండీ? నా పేరు ప్రసన్నకుమారి అండీ. ఢిల్లీ నుంచి, కేంద్ర ప్రభుత్వం అత్యవసర ఆరోగ్య విభాగం. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళకి రోజూ చేస్తామండీ. జ్వరం, దగ్గు, ఆయాసం ఏమైనా ఉన్నాయాండీ?"

"లేవండీ."

"రాత్రి నిద్ర పట్టిందాండీ?"

సువర్ణ ఫోను చెవికి దగ్గరగా జరుపుకుంది. ఆమె నిద్ర సంగతి ఎవరైనా అడిగి ఎంత కాలమైందో.

"పట్టిందమ్మా. మీదే ఊరు?"

"ఆలమూరండీ."

"ఆయ్. మాటలోనే తెలిసింది."

అప్పటినుంచి పొద్దున్నే తల దువ్వుకుని ఫోను పక్కన కూర్చునేది. ఒక పెద్ద హాల్లో భాషకో బల్ల ఉంటుందని, దేశంలో ఏ మూల జబ్బు కనిపించినా కబురు ముందు అక్కడికే వస్తుందని, అక్కడి నుంచే రాష్ట్రానికీ జిల్లాకీ మండలం ఆసుపత్రికీ ఆదేశాలు వెళ్తాయని ప్రసన్న చెప్పింది. తను ఇంటికెళ్ళి ఏడాది దాటిందని కూడా చెప్పింది.

"మీ కిటికీలోంచి ఏం కనపడుతుందండీ పిన్నిగారూ?"

"కొబ్బరిచెట్లు. అవతల కాలువ. నీళ్ళు వదిలేరమ్మా, పిల్లలు దూకుతున్నారు."

"ఫోను కాసేపు అటు పెట్టండి."

సువర్ణ చెయ్యి చాపి ఫోను ఊచల్లోంచి బయటికి పట్టుకుంది. చెయ్యి నొప్పెట్టినా తియ్యలేదు.

ఒకరోజు ప్రసన్న, "రేపటితో మీకు అయిపోతుందండీ. ఇంక నేను చెయ్యక్కర్లేదు" అంది సంతోషంగా. ఆ రోజు సువర్ణకి అన్నం సయించలేదు.

మర్నాడు ఫోను రాగానే, "కొంచెం దగ్గుగా ఉందమ్మా" అనేసింది.

అవతల గొంతు మారిపోయింది. "ఎప్పటినుంచండీ? ఆయాసం ఉందా? మీరు కదలకండి పిన్నిగారూ."

మధ్యాహ్నానికి వీధి మొగలో అడ్డంగా వెదుళ్ళు కట్టేశారు. తెల్ల సూట్లు తొడుక్కున్నవాళ్ళు వచ్చి ముగ్గురికీ ముక్కులోంచి నమూనా తీశారు. శ్యామ్ బాబు ఆటో కదలడానికి లేదు. పక్కింటి వీరాయమ్మ గోడ మీంచి, "మా ఇంట్లో చంటిపిల్ల ఉందండీ. కాస్త ముందు చెప్పుండాల్సింది" అని తలుపు వేసుకుంది.

సాయంత్రం ప్రసన్న మళ్ళీ చేసింది. "ఎలా ఉందండీ? పొద్దుటినుంచీ నా మనసు మనసులో లేదు. చాలా భయపడ్డానండీ."

తన కోసం ఒకరు భయపడ్డారన్న మాట సువర్ణకి హాయిగా తగిలింది. ఆ హాయికి వెంటనే సిగ్గు కూడా వేసింది.

"దగ్గు లేదమ్మా. రేపట్నుంచి నువ్వు చెయ్యవని అలా చెప్పేను."

ఫోనులో ఆ హాలు చప్పుడే వినపడింది. వెనకాల ఎవరెవరో ఏవేవో భాషల్లో అవే ప్రశ్నలు అడుగుతున్నారు.

"పరీక్ష ఫలితం వచ్చేదాకా నేనేం మార్చలేనండీ" అంది చివరికి ప్రసన్న. తర్వాత మెల్లగా, "అన్నం తినండి పిన్నిగారూ. ఉంటానండీ" అంది.

కిటికీ అవతల ఏంజెల్ నిలబడి ఉంది. అంతా వింది.

"మాతో చెప్పొచ్చుగా మమ్మీ."

"ఏమని చెప్పాలమ్మా?"

ఏంజెల్ ఈసారి వెళ్ళిపోలేదు, అరుగు మీద కూర్చుంది. చీకటి పడేదాకా ఇద్దరూ కిటికీకి చెరోవైపునే ఉండిపోయారు.

ముగ్గురికీ ఏమీ లేదని తేలింది, వెదుళ్ళు తీసేశారు. సువర్ణ ఆ నంబరుకి చేస్తే హిందీలో ఒక రికార్డు గొంతు, ఈ నంబరుకి ఫోన్లు తీసుకోరని చెప్పి ఆగిపోయింది. ఆలమూరులో వాకబు చేద్దామా అనుకుని, ఆ పిల్ల ఇంటిపేరైనా తనకి తెలియదని ఆగిపోయింది.

కువైట్‌కి మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు రాజోలు సెంటర్లో భార్యాభర్తలిద్దరూ టిఫిన్ బండి నడుపుతున్నారు. కాకినాడలో ఉద్యోగం చేస్తున్న ఏంజెల్ ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోను చేస్తుంది. మాటలు తక్కువే, పొడిపొడిగానే సాగుతాయి. అయినా ఇద్దరిలో ఎవరూ ముందుగా ఫోను పెట్టెయ్యరు.

ఢిల్లీ నంబరు కనపడితే మాత్రం, పెనం మీద అట్టు మాడుతున్నా సువర్ణ ఫోనెత్తుతుంది. ఎక్కువగా అప్పులిస్తామనేవాళ్ళే. కువైట్లో నేర్చుకున్న హిందీతో వాళ్ళు చెప్పేదంతా ఓపిగ్గా వింటుంది. అంతా అయ్యాక, మీ ఆఫీసులో తెలుగు అమ్మాయిలెవరైనా ఉన్నారా అని అడుగుతుంది.