బత్తాయికి తోడు

మొన్న ఫ్రిజ్ అడుగున మరిచిపోయిన బత్తాయిని తీయబోతే వేలు మెత్తగా లోపలికి దిగింది. నీలం బూజు, తడిమట్టీ పులుపూ కలిసిన వాసన. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం వసుంధర మేడం గుర్తొచ్చారు. ఇలాంటి వాసనతో గుర్తుచేసుకున్నానని తెలిస్తే ఆవిడ ముందు నవ్వేవారు, తర్వాత ఆ కాయకు దెబ్బ ఎక్కడ తగిలిందో వెతకమనేవారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, సత్తెనపల్లిలో ఆవిడ నడిపే మూడు గదుల ల్యాబులో ఉద్యోగానికి చేరాను. పండ్ల తొక్కల మీద సహజంగా బతికే, కంటికి కనపడని ఒక ఈస్ట్‌ను పెంచడం, కోసిన కాయలను అది కలిపిన నీళ్లలో ముంచి కుళ్లకుండా కాపాడటం మా పని. రైతులు అనుమానంగా చూస్తే మేడం ఇలా చెప్పేవారు: “బస్సు కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టుకోరూ? ఇదీ అంతే. కాయకి గీత పడ్డచోట ముందే పోయి కూర్చుంటుంది. వెనకొచ్చిన బూజుకి చోటుండదు.”

వినుకొండ అవతల కోటయ్య గారికి మూడెకరాల బత్తాయి తోట ఉండేది. ముందు ఏడాది సరుకంతా లారీలోనే కుళ్లిపోయింది. “ఈసారి గూడా కుళ్లిందంటే చెట్లు కొట్టేసి మళ్లీ పత్తే ఏస్తా,” అన్నారు. ఆ తోటకు మేడం నన్నొక్కదాన్నే పంపారు. మొదటిసారి కదా, నా గర్వం చూడాలి! డ్రమ్ము నీళ్లలో ల్యాబులో పెంచిన ఈస్ట్ కల్చర్ కలుపుతుంటే కోటయ్య గారు మిరపకు కొట్టే బూజు మందు పొట్లం తెచ్చారు.

“ఇది గూడా ఓ గుప్పెడు ఏద్దామా అమ్మాయ్?”

నేను మిరప చేల మధ్య పెరిగినదాన్ని. మా ఇంట్లో మూడు మందులు కలపందే పంపు భుజానికెత్తేవారు కాదు. “ఏస్తే పోయేదేముంది బాబాయ్,” అనేశాను. పొద్దు వాలేలోపు నాలుగు గంపలు ముంచి, మిగతావి రేపు ముంచుకోమని చెప్పి బస్సెక్కాను.

నరసరావుపేట దాటాక తట్టింది. బూజును చంపే మందు ఈస్ట్‌ను మాత్రం బతకనిస్తుందా? చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఈస్ట్ పనిచేయలేదనుకుంటారు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం, ఇప్పటికీ సిగ్గే. కానీ ల్యాబు గుమ్మంలో మేడం ముఖం చూడగానే అంతా కక్కేశాను.

“కాగే పాలల్లో తోడేసినట్టుంది నీ పని,” అన్నారు. వెంటనే, “లారీ ఎన్నింటికి?” అని అడిగారు.

“రేపు మధ్యాహ్నం మూడింటికండి.”

“అయితే టైముంది. మొదటి బస్సుకి పోదాం. ఆయనకి నువ్వే చెప్పాలి.”

పొద్దున్నే చెప్పాను. కోటయ్య గారికి ముందు అర్థం కాలేదు. “మందు మీద మందు పడితే బలమే గదమ్మా?”

“ఇది మందు కాదు బాబాయిగారూ, తోడు. ప్రాణమున్న సరుకు,” అన్నారు మేడం. “పైగా ఆ పొడి తినే కాయ మీద ఉండకూడదు.”

ఆయన నా వైపు తిరిగి, “సదువుకున్నదానివి, నువ్వు వద్దనొద్దా?” అని అరిచారు. అనాల్సిన మాటే. నాలుగు గంపలూ గుంటలో పూడ్చేశాం. వేరే డ్రమ్ము తెప్పించి, మాతో తెచ్చిన కొత్త కల్చర్ కలిపి, మేడం కొంగు బిగించి నాతో సమానంగా కాయలు ముంచి నీడన ఆరబెట్టారు. లారీ వేళకే కదిలింది.

అయిదో రోజు ఫోనొచ్చింది. “అమ్మాయ్! కాయ కాయలాగే దిగిందంట! చెట్ల జోలికి పోనులే ఇంక!”

రిసీవరు పెట్టేసి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. అంత హాయిగా మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. మేడం వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నారు.

“మొదట్లో నేనూ ఒక డ్రమ్ము పాడుచేశా,” అన్నారు మెల్లగా. “చెప్పలేదు. కాయ కుళ్లితే వాతావరణం మీదికి తోసేశా. ఆ రైతు తోట కొట్టేశాడు. ఆ దారిన బస్సెళ్తే ఇప్పటికీ ఆ తోట కనపడేవైపు కూర్చోను.”

నా తప్పు దిద్దుకోవడానికి నాకు ఒక పొద్దుటిపూట దొరికింది. దాన్ని నాకు ఇచ్చిన మనిషికి అది దొరకలేదు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే అమ్మాయిలు ఎవరైనా తలుపు దగ్గర నిలబడి “మేడం, ఒక పొరపాటు...” అని నసిగితే, నాకు కోపం రాక మానదు. కానీ వాళ్లు చెప్పకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోతారేమోనన్న భయమే నాకెక్కువ. “రామ్మా, కూర్చో,” అంటాను.