మా చెల్లికి గొడుగంటే భయం

మొన్న పచ్చడి రుబ్బుదామని మిక్సీ వెయ్యగానే మా మనవరాలు గుక్కపట్టి ఏడిస్తే, కోడలు చప్పున స్విచ్చి ఆపేసి పిల్లను చంకకెత్తుకుంది. అంతే జరిగింది. నాకెందుకో అక్కడ నిలబడబుద్ధి కాక పెరట్లోకి వెళ్ళిపోయాను.

డెబ్బయ్యో దశకం మొదట్లో మా నాన్నగారికి సీలేరు కరెంటు ప్రాజెక్టులో ఉద్యోగం. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చిన మాకు ఆ కొండల్లో నెలల తరబడి కురిసే వానలు కొత్త. గొడుగు లేనిదే క్వార్టరు గడప దాటే వీలుండేది కాదు. అలాంటి చోట నాలుగేళ్ళ మా చెల్లికి గొడుగంటే ప్రాణభయం. టప్పున విప్పితే చాలు, మంచం కిందకి దూరి చెవులు మూసుకుని వణికేది. "గొడుగు సూసి ఏడుపేటే గుంటా, అదేటి సేత్తాది నిన్ను?" అని అమ్మ విసుక్కునేది. పదేళ్ళదాన్ని, నేను అంతకన్నా పాపం చేశాను. నాన్నగారు సంతలో కొనుక్కొచ్చిన జీళ్ళలో దాని వాటా కూడా కావాలనిపించినప్పుడల్లా గొడుగు విప్పేదాన్ని. "మూసీయే అక్కా, అన్నీ నువ్వే తీసుకో" అని ఏడ్చేది.

ఆ శ్రావణంలో దానికి చలిజ్వరం వచ్చింది. నాన్నగారు డ్యూటీలో ఉన్నారు. అమ్మ దాన్ని భుజాన వేసుకుని కాలనీ ఆసుపత్రికి బయల్దేరితే, పక్కన గొడుగు పట్టడం నా పని. విప్పీ విప్పగానే, ఒళ్ళు కాలిపోతున్న ఆ పిల్ల గిలగిల కొట్టుకుని అమ్మ చేతుల్లోంచి జారిపోబోయింది.

"మూసీయే, బేగి మూసీ!" అని అమ్మ అరిచింది.

ఆ హోరువానలో ముగ్గురం తడుస్తూనే వెళ్ళాం. నాలుగో రోజున అది పోయింది. మలేరియా మెదడుకెక్కిందనీ, తడిసినందువల్ల కాదనీ డాక్టరుగారు చెప్పారు. ఆ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఊరట కలగలేదు.

పెళ్ళై పిల్లలు పుట్టాక, ఒకనాడు అమ్మ దగ్గర ఆ జీళ్ళ సంగతి బయటపెట్టి ఏడ్చేశాను. అమ్మ నా తల నిమురుతూ, "నాకప్పుడే తెలుసే. పిల్లలాటే కదాని ఊరుకున్నాను" అంది. అన్నేళ్ళూ ఆవిడ కూడా నాలాగే లోలోపల కుమిలిపోయిందని అప్పటిదాకా నాకు తెలియదు.

మా కాలంలో పిల్లల భయమంటే నవ్వుకోవడానికో, కసిరి పోగొట్టడానికో అన్నట్టుండేది. ఇప్పటి తల్లులు ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడుగుతున్నారు; పిల్లలు వచ్చీరాని మాటల్లో చెప్పుకుంటున్నారు. మా చెల్లికి మాటలు బాగానే వచ్చు. విప్పిన గొడుగులో దానికేం కనిపించేదో మా ఇంట్లో ఒక్కరమూ అడగలేదు.